ఇంటికి ఒకే మాట

“ఒక్క ‘అవును’. అంతకు మించి నిన్నెవరేం అడిగారమ్మాయ్? నోరు తెరిచి అవునంటే నీ సొమ్మేం పోతుంది?”

పొద్దుటి నుంచి అత్తగారి నోట ఇదే మాట. కోడలు కొలత వంటింట్లో ఉంది. కుళాయి కింద గిన్నె పెట్టి తోముతూనే ఉంది.

“కడిగిన గిన్నెనే కడుగుతోందమ్మా,” అంది గడపకు ఆనుకుని నిలబడ్డ ఆడపడుచు. “మనం అరిచి గొంతు నొప్పి తెచ్చుకోవడమే తప్ప దాని చెవికెక్కదు.”

ఆడపడుచు తెల్లారీ తెల్లారకముందే చేతిసంచితో దిగింది. తమ్ముడి పరువు బజారున పడుతోందని తల్లి ఫోనులో ఏడిస్తే, ఆదివారం నిద్ర మానుకుని పరిగెత్తుకొచ్చానని ఇప్పటికే అందరికీ వినపడేలా చెప్పుకుంది. వచ్చిన క్షణం నుంచి ఇల్లంతా ఆమె గొంతే.

ముందుగదిలో కొలత భర్త, మాస్టారు, పేపరు చదువుతున్నాడు. చదువుతున్నట్టు పట్టుకున్నాడు అంటే సరిపోతుందేమో. పేజీ తిప్పిన చప్పుడు ఒక్కసారీ రాలేదు.

కొలత కుళాయి కట్టేసింది. “నేను చూడలేదు వదినా. చూడనిదాన్ని చూశానని ఎలా చెప్పను?”

“నీ మొగుడు చూశాడు. నీ మొగుడు చూస్తే నువ్వు చూసినట్టు కాదా?”

“కాదు.”

అత్తగారూ ఆడపడుచూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కొలత అసలు పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకరు. హాస్టల్లో పాలు పోసే వంతు వచ్చినప్పుడు అందరి గ్లాసులూ ఒకే ఎత్తుకు నింపేదని స్నేహితురాళ్ళు అలా పిలవడం మొదలుపెట్టారు. ఆస్పత్రి ఫార్మసీలో చేరాక ఆ పేరు మరింత అతికింది. భర్త నడిపే ప్రాజెక్టులో చేరినప్పుడూ అదే పేరు రాసుకుంది.

ఇప్పుడు గొడవంతా ఆ పేరు గురించే.

కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు పెళ్ళికి ముందే మొదలుపెట్టిన పని అది. పసిపిల్ల బరువు కొడితే మందు ఎంత ఎక్కించాలో లెక్కకట్టి చెప్పే సాఫ్ట్‌వేరు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేస్తామని ముందుకు రావచ్చు. అలా వచ్చి చేరినవాళ్ళు చాలామందే ఉన్నారు. డాక్టర్లు, ప్రోగ్రామర్లు, ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు. జీతాల్లేవు, ఆఫీసు లేదు, కసిరే పైఅధికారి లేడు. నలుగురూ వాదించుకుని ఒప్పుకున్న నియమాలే అక్కడ అధికారి.

మొట్టమొదటి నియమం మాస్టారు చేత్తో రాసిందే. రాసినవారు కాక రెండో మనిషి చూసి ఒప్పుకుంటే తప్ప ఏ మార్పూ లోపలికి పోకూడదు.

కిందటి వారం దాన్ని ఆయనే తుంగలో తొక్కాడు. కొలత డ్యూటీలో ఉండగా, ఇంటి కంప్యూటరులో ఆమె పేరుతో లోపలికెళ్ళి, తను రాసిన మార్పు కింద ‘చూశాను, బాగుంది’ అని పెట్టేశాడు. ఆ మార్పులో దశాంశం ఒక స్థానం పక్కకు జరిగింది. ఎక్కడో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సు సిరంజిలోకి మందు తీస్తూ, ఇంత ప్రాణానికి ఇంత మందా అని చెయ్యి ఆపింది. ఆగబట్టి సరిపోయింది.

తప్పును మాస్టారు గబగబా దిద్దేశాడు. ప్రశ్న మాత్రం మిగిలింది. కొలత ఏది ఒప్పుకున్నా ఏయే బరువులు వేసి చూసిందో వివరంగా రాస్తుంది. ఈసారి రెండే ముక్కలు ఎందుకున్నాయని ఎవరికో అనుమానం వచ్చింది. అందరూ చూసే చర్చల పేజీలో అడిగేశారు. కొలతగారూ, ఇది మీరు చూసే ఒప్పుకున్నారా?

సమాధానం ఇవాళ మధ్యాహ్నం సమావేశంలో చెప్పాలి. ఇంటిల్లిపాదీ ఆ సమాధానాన్ని పొద్దుటి నుంచి ఆమె గొంతులో కుక్కాలని చూస్తున్నారు.

“మీ మామగారు నా పేరుతో ఎన్ని సంతకాలు పెట్టారో ఆ దేవుడికే తెలుసు,” అంది అత్తగారు, స్టూలు మీద కూలబడుతూ. “నేనెప్పుడన్నా వీధికెక్కానా? ఇదేం పెట్టావని అడిగానా?”

“అడగాల్సింది అత్తయ్యా.”

“చూశావుటే! పోయినాయన్ని కూడా వదిలిపెట్టదు.”

కొలత చేతులు తుడుచుకుని ముందుగదిలోకి నడిచింది. వెనకే ఇద్దరూ గడపదాకా వచ్చి ఆగారు.

మాస్టారు పేపరు దించలేదు. దాని వెనక నుంచే అన్నాడు.

“నన్ను ఉరితీయించడానికి అన్నీ సిద్ధం చేసుకున్నావా?”

“మీరే చెప్పెయ్యండి. అప్పుడు నేను నోరు తెరవాల్సిన పనే లేదు.”

“ఏమని చెప్పాలి?”

“ఆ మాట పెట్టింది మీరని.”

మాస్టారు నవ్వాడు. క్లాసులో వెనకబెంచీ కుర్రాడు తప్పు జవాబు చెప్పినప్పుడు నవ్వే నవ్వు. “కొరియరు వస్తే నీ బదులు నేను సంతకం పెట్టడం లేదూ? అప్పుడెప్పుడూ ఇంత రాద్ధాంతం చెయ్యలేదే?”

“కొరియరు పొట్లం పసిపిల్ల నరంలోకి ఎక్కదండీ.”

పేపరు కిందికి దిగింది.

“నువ్వు డ్యూటీలో ఉన్నావు. నీ ఫోను లాకర్లో ఉంది. అవతల ఆస్పత్రులవాళ్ళు మార్పు ఎప్పుడొస్తుందని నా ప్రాణం తోడేస్తున్నారు. అడిగితే మాత్రం కాదనేదానివా? ఒప్పుకునేదానివే.”

“అక్కడే నాకు ఒళ్ళు మండుతోంది. ఒప్పుకునేదాన్ని కాదు. నేను అందరికన్నా చిన్నపిల్ల బరువు ముందు వేసి చూస్తాను. వేసిన మరుక్షణం మీ లెక్క బయటపడేది.”

“ఓహో. నా లెక్కల్లో తప్పులు పట్టేంతదానివయ్యావు.”

“నన్ను అందులో పెట్టింది అందుకే కదా?”

“పెట్టింది నేను! అది మర్చిపోకు. అకౌంటు తెరిచింది నేను, పాస్‌వర్డు పెట్టి చేతికిచ్చింది నేను. లేకపోతే నువ్వెవరో అక్కడ ఎవడికి తెలుసు?”

“అకౌంటు మీరు తెరిచారు. ఒప్పుకునే హక్కు మీరు ఇవ్వలేదు. నేను చూసిపెట్టినవన్నీ చదివి డాక్టరుగారు నా పేరు ప్రతిపాదించారు. అందరూ సరే అన్నారు. మీరొక్కరే ఏమీ రాయలేదు.”

“పెళ్ళాన్ని నేనే పొగిడితే బాగుంటుందా?”

“పెళ్ళాం పేరుతో మిమ్మల్ని మీరే పొగుడుకుంటే బాగుందా?”

ఆడపడుచు గబుక్కున గదిలోకి వచ్చింది. “ఏమిటా మాటలు? కట్టుకున్నవాడితో మాట్లాడే తీరేనా అది?”

“నువ్వుండక్కా,” అన్నాడు మాస్టారు. కొలత వైపు తిరిగాడు. “ఇదిగో, చూడు. ఆ ప్రాజెక్టు నాది. రాత్రనక పగలనక కూర్చుని కట్టాను. ఆ రూలు కూడా నేనే రాశాను. నాకు రూలు నేర్పుతారా మీరంతా?”

“రాసినవాడివి కనక అది నీకు పట్టదా?”

నువ్వు అంది.

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. గడపలో అత్తగారి చెయ్యి నోటి మీదికి పోయింది. కొలతకు కూడా ఒక్క క్షణం ఆ మాట అన్నది ఇంకెవరో అనిపించింది. కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

మాస్టారు పేపరు మడిచాడు. మళ్ళీ మడిచాడు. చేతిలో పట్టేంత చిన్నదయ్యేదాకా మడుస్తూనే ఉన్నాడు.

“విన్నావు కదక్కా,” అన్నాడు చాలా నెమ్మదిగా.

మధ్యాహ్నమైంది. కంచాలు పెట్టారు, తిన్నారు, తీశారు. ఆడపడుచు ఒక్కతే తలుపులు వేసేటప్పుడు కావలసినదానికన్నా గట్టిగా వేసింది.

సమావేశం వేళకు మాస్టారు ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కొలత పడకగదిలో, మంచం అంచున, ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. ఇద్దరూ ఒకేసారి ఆన్‌లైను సమావేశంలోకి వెళ్ళేసరికి చెవులు చిల్లులు పడేలా కూత మొదలైంది.

“మీ ఇద్దరిలో ఒకరు మైకు కట్టేస్తారా?” అంది ఒక ఆడగొంతు. పిల్లల వార్డు డాక్టరు ఆవిడ. ఈ ఏడాది సమావేశాలు నడిపే వంతు ఆవిడది. “పక్కపక్క గదుల్లో ఉన్నట్టున్నారు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. కొలత లేచి గది తలుపు మూసింది. తలుపు అవతల చీర కొంగు చప్పుడు వినపడింది. అక్కడ ఎవరు నిలబడ్డారో చూడకుండానే తెలుసు.

“సూటిగా అడుగుతాను,” అంది డాక్టరు. “కొలతగారూ, ఆ మార్పు మీరు చూశారా?”

“చూడలేదు. ఒప్పుకోలేదు. ఆ మాటలు నావి కావు.”

అనేసింది. ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. తలుపు అవతల ఆడపడుచు, “అయిపోయింది, గంగలో కలిపేసింది,” అని తల్లితో గొణిగింది.

“మాస్టారూ?”

“నేనే పెట్టాను. తొందరలో పెట్టాను. పరాయివాళ్ళ పేరు కాదుగా, నా భార్య పేరే. మా ఇంట్లో నీదీ నాదీ అన్న లెక్కల్లేవు.”

“మార్పులు లోపలికి పంపే మీ హక్కు ప్రస్తుతానికి ఆపుతున్నాం. విచారణ అయ్యాక చూద్దాం. ఇది మీరు రాసిన నియమమే.”

“ఆపుకోండి. ఇల్లు కట్టినవాణ్ణి వాకిట్లో నిలబెట్టండి. చాలా బాగుంది.”

అంతలో ఫ్లాస్కు గొంతు సవరించుకున్నాడు. ఆయనొక ల్యాబు టెక్నీషియను. ప్రతి సమావేశంలోనూ ఫ్లాస్కు మూత తిప్పి కప్పులో పోసుకునే చప్పుడు అందరికీ వినపడుతుంది కనక ఆ పేరు స్థిరపడిపోయింది.

“తప్పు మనిషిది మాత్రమే కాదండీ. నియమంలోనే కన్నం ఉంది. రెండో మనిషి అన్నాం. మనిషి అంటే ఎవరో రాసుకోలేదు. మొగుడు రాస్తే పెళ్ళాం తలూపుతుంది. దాన్ని రెండు అంటామా? నా ప్రతిపాదన ఇది. ఒక ఇంటికి ఒకే మాట. ఇద్దరుంటే ముందు చేరినవాళ్ళది చెల్లుతుంది. రెండోవాళ్ళు పని చేసుకోవచ్చు, ఒప్పుకునే హక్కు మాత్రం ఉండదు.”

తెర మీద వరసగా జవాబులు పడ్డాయి. సరే. బాగుంది. ఇది ముందే రాసుకోవాల్సింది.

“పద్ధతి తెలిసిందేగా,” అంది డాక్టరు. “పేజీలో పెడతాం. వారంలోపు ఎవరూ కారణంతో కాదనకపోతే అదే నియమం.”

కొలతకు కాసేపు పట్టింది అర్థం కావడానికి. ముందు చేరింది మాస్టారు. ఆయన హక్కు ఇవాళ ఆగినా, ఏదో ఒకనాడు తిరిగొస్తుంది. తనది మాత్రం ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రాదు. ఆయన చేసిన పనికి రాసిన నియమం, ఆయన్ని వదిలేసి తన పీక పట్టుకుంది.

“నాకు అభ్యంతరం లేదు,” అన్నాడు మాస్టారు.

ఆ మాట గోడలోంచి ఒకసారి, ఫోనులోంచి ఒకసారి, రెండుసార్లు వినపడింది. రెండుసార్లూ అందులో ఉన్న కులాసా ఆమెకు తెలిసింది.

“నాకుంది,” అంది కొలత.

“కారణం చెప్పాలండీ. ఊరికే కాదంటే లెక్కలోకి రాదు.”

“చెబుతాను. ఇంట్లో దొంగతనం జరిగితే దొంగనీ పోగొట్టుకున్నదాన్నీ ఒకే గదిలో పెట్టి తాళం వేస్తారా? నా పేరు ఇంకొకరు వాడారు. వాడినవాళ్ళని ఉంచి, నా పేరు తీసేస్తామంటున్నారు మీరు.”

“అమ్మా, ఇక్కడిదాకా తెచ్చుకున్నది మీ ఇంటి గొడవే కదా,” అన్నాడు ఫ్లాస్కు.

“నా ఇంటి గొడవ నేను చూసుకుంటాను. మీరు నియమం సంగతి చూడండి. ఒప్పుకునేవాళ్ళు ఏం వేసి చూశారో రాయాలని పెట్టండి. ఎవరి పాస్‌వర్డు వాళ్ళ దగ్గరే ఉండాలని, ఇంకొకరి కంప్యూటరులో ఉంటే చెల్లదని పెట్టండి. ఇది నాకొక్కదానికి కాదు, అందరికీ పెట్టండి. తాళంచెవి ఎవరి చేతిలో ఉందో అడగండి. మంచం ఎవరి పక్కనుందో మీకెందుకు?”

ఎవరూ నవ్వలేదు.

“ఇది సబబుగా ఉంది,” అని తెర మీద ఒకరు రాశారు. కింద ఇంకొకరు ‘నాకూ అలాగే అనిపిస్తోంది’ అన్నారు. ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు వినపడింది.

“రాసి పెట్టండి కొలతగారూ,” అంది డాక్టరు. ఆవిడ గొంతు మెత్తబడింది. “రెండు ప్రతిపాదనలూ పక్కపక్కన పెడదాం.”

“ఒక్క నిమిషం.”

మాస్టారు గొంతు. పాఠం ముగించే ముందు ముఖ్యమైనది చెప్పబోయే గొంతు.

“నన్ను దొంగ అంది. సరే. ఆవిడ మాట అంత విలువైనదంటున్నారు కనక ఒకటి అడుగుతాను. ఇదొక్కటేనని మీకెవరు చెప్పారు?”

“అంటే?” అంది డాక్టరు.

“అంటే అదే. ఆవిడ పేరుతో ఉన్నవన్నీ ఆవిడవేనని ఎవరైనా ప్రమాణం చేస్తారేమో కనుక్కోండి.”

తెర మీద జవాబులు పడటం ఆగిపోయింది.

“ఎన్ని మాస్టారూ? ఏవి?”

గోడ అవతల కుర్చీ కిర్రుమంది, అంతే.

“కొలతగారూ, మీరైనా చెప్పండి. అన్నీ మీవేనా?”

అవునంటే చాలు. ఇల్లంతా పొద్దుటి నుంచి అడిగిన మాటే మళ్ళీ అడుగుతున్నారు. అవునంటే తన పేరు నిలుస్తుంది, తన అభ్యంతరం నిలుస్తుంది, ఆయన నోరు మూతపడుతుంది. కానీ ఏళ్ళ తరబడి పెట్టినవి. అన్నీ ఎలా గుర్తుంటాయి? డ్యూటీలు చేసి కళ్ళు మూతలు పడుతుంటే చూసినవెన్ని? వాటి మధ్య ఆయన దూర్చినవి ఉంటే?

“చెప్పలేను,” అంది.

అన్నాక ఇక ఆగలేదు. “నా పేరు మీద ఉన్నవన్నీ పక్కన పెట్టండి డాక్టరుగారూ. ఇంకెవరైనా చూసేదాకా. వాడేవాళ్ళందరికీ ఇప్పుడే కబురు పెట్టండి, మందు చేత్తో లెక్కకట్టుకోమని.”

“అలా చేస్తే మీ హక్కు కూడా ఆగిపోతుంది. హక్కు లేనివాళ్ళ అభ్యంతరం నిలవదు. వారంలో ఇంకెవరైనా ఎత్తుకోకపోతే ఇంటికి ఒకే మాట అన్నదే నియమమవుతుంది. తెలిసే అంటున్నారా?”

“తెలుసు.”

“కాస్త ఆలోచించుకుని...”

“నేను ఆలోచించుకునేలోపు ఎవరో ఒకరు సిరంజి ఎత్తుతారు. ఆపెయ్యండి.”

కాసేపటికి పేర్ల వరసలో మాస్టారు పేరు పక్కనే కొలత పేరు కూడా వెలిసిపోయింది. ఆమె ఫోను మంచం మీద పెట్టి తలుపు తీసింది.

“చల్లారిందా కడుపు?” అంది ఆడపడుచు ఎదురుగా నిలబడి. “వాణ్ణి తీశావు, నువ్వూ పోయావు. ఇప్పుడు సంతోషమా?”

కొలత ఆమెను తప్పించుకుని ముందుగదిలోకి వెళ్ళింది. మాస్టారు ఆరిపోయిన తెర వైపే చూస్తున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అబద్ధం చెప్పాను,” అన్నాడు, తల తిప్పకుండానే.

“ఏది?”

“ఇంకేవీ లేవు. ఇదొక్కటే. నలుగురిలో దొంగ అన్నావు, నోటికొచ్చింది అనేశాను. నువ్వు కొట్లాడతావనుకున్నాను. అన్నీ నావేనని మీద పడతావనుకున్నాను. ఇలా అంతా వదిలేసుకుంటావని ఎవడనుకున్నాడు?”

“అయితే వాళ్ళని మళ్ళీ పిలిచి చెప్పండి.”

“చెబితే నన్నింక గుమ్మం తొక్కనివ్వరు. పసిపిల్లల మందు విషయంలో కావాలని అబద్ధమాడాడని రాస్తారు. నేను కట్టిందాంట్లోంచి నన్నే శాశ్వతంగా గెంటేస్తారు.”

“చెప్పకపోతే నేను బయటే కదా.”

“చెప్పకురా,” అంది అత్తగారు వెనకనుంచి. “ఏం అవసరం? అదే మానేస్తానంది. మానెయ్యనీ.”

కొలత అత్తగారి వైపు చూడలేదు. మాస్టారు మొహంలోకి చూస్తోంది. ఇన్నేళ్ళు పక్కన తిన్న మనిషి, పక్కన పడుకున్న మనిషి. తలనొప్పి వస్తే ఏ కణత నొక్కుకుంటాడో కూడా తెలుసు. ఇందాక సమావేశంలో ఆడింది అబద్ధమో, ఇప్పుడు ఆడుతున్నది అబద్ధమో మాత్రం ఎంత చూసినా తెలియడం లేదు.

“వాళ్ళ సంగతి తర్వాత,” అంది. “ఇదొక్కటేనని ముందు నన్ను నమ్మించు.”

మాస్టారు కుర్చీ ఇటు తిప్పాడు. కొలత కళ్ళలోకి చూడబోయాడు.

చూడలేదు. అక్క వైపు చూశాడు.